చెట్టిగారి పరుపు

ఇంటికి కొత్త వస్తువు ఏది వచ్చినా వాసవాంబ ముందు అట్టపెట్టెలోని థర్మాకోల్ ముక్కను బయటికి తీస్తుంది. బొటనవేలితో నొక్కుతుంది. పూసలు పూసలుగా రాలితే పక్కన పెడుతుంది. గట్టిగా నిలిస్తే కొంగుతో తుడిచి అటక మీదికి పంపుతుంది. ఆ తరువాతే వచ్చిన మిక్సీ వంకో టీవీ వంకో చూస్తుంది.

తిరుత్తణి బజారులో వాళ్లది కిరాణా అంగడి. వెనక ఇల్లు. ఏటా నవరాత్రికి ముందుగదిలో మెట్లు కట్టి బొమ్మలు పెడతారు. అన్నీ మట్టి బొమ్మలు. ఒకప్పుడు పండుగయ్యాక వాటిని పాత పంచెల్లో చుట్టి దాచేవాళ్లు. మరుసటి ఏడు విప్పితే ఒకరికి ముక్కు ఉండేది కాదు, ఇంకొకరికి వేళ్లు. ఒక ఏడు టీవీతో వచ్చిన థర్మాకోల్‌లో బొమ్మ వీపు పట్టేంత గుంత తొలిచి చూసింది వాసవాంబ. కత్తికి కొవ్వొత్తి రుద్దితే కీచుమనకుండా తెగింది. అలా ఒక్కో బొమ్మకు ఒక్కో పరుపు. అప్పటినుంచి ఏ బొమ్మా విరగలేదు.

వాటిలో అంగడి చెట్టిగారు పాతవాడు. బొజ్జ, తలపాగా. కొలువులో ఆయన ముందు కందిపప్పు, పెసలు కుప్పలుగా పోస్తారు. పెళ్లయిన ఏడు వాసవాంబ తిరువళ్లూరులోని పుట్టింటినుంచి రైల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చుకుంది. మెడచుట్టూ ఒక అతుకు, పంచెల కాలం నాటిది. ఇంకొకసారి విరిగితే అతకదు. అందుకే ఆయన పరుపులో మెడ కింద చిన్న మిట్ట వదిలింది, తలగడలాగ.

విజయదశమి సాయంత్రం ఒక బొమ్మను పడుకోబెడితే కొలువు ముగిసినట్టు. మిగతావాటిని మర్నాడు దించుతారు. వేరే ఇళ్లలో ఏ బొమ్మనైనా పడుకోబెడతారు. ఈ ఇంట్లో చెట్టిగారినే. పండుగంతా అంగట్లో కూర్చున్నవాడు, ముందు ఆయనే నడుం వాల్చాలని వాసవాంబ అంటుంది.

ఈ ఏడు ఇంటికి కోడలు వచ్చింది. విద్యాలక్ష్మి, కవరైపేట్టై పిల్ల. ఆయుధపూజకు ఇల్లంతా తానే దులిపింది. ఆ పిల్ల చెయ్యి తగిలితే దుమ్ము నిలవదని వాసవాంబ పేరంటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

విజయదశమి హారతి అయింది. చెట్టిగారి పరుపు తెమ్మంది అత్త.

"అది యాడుంది అత్తా?"

"అటకమీద. తెల్ల ముక్కల మూటలో."

విద్య చేతిలోని హారతిపళ్లెం కింద పెట్టింది.

"గుంతలు పడిన అట్టలనుకొని చెత్తబండికి ఇచ్చేసినా అత్తా. అన్నీ."

ఆమె మొగుడు జయచంద్ర నవ్వాడు. "ఇల్లు ఊడ్చమంటే చెట్టిగారి ఇల్లు కూడా ఊడ్చేసినావా?" అన్నాడు. తల్లి అతని వైపు చూసింది. అతను అంగట్లోకి వెళ్లిపోయాడు.

వాసవాంబ మెట్ల ముందు నిలబడింది. బొమ్మలన్నీ ఆమెకు ఎదురుగా ఉన్నాయి. వాటి వీపులు ఆమె వేళ్లకు తెలుసు. ఏ పరుపు ఏ బొమ్మదో చీకట్లో తడిమి చెప్పగలదు. తరువాత వంటింట్లోకి వెళ్లి చేట నిండా బియ్యం పోసుకొని వచ్చింది. మధ్యలో చేత్తో గుంత చేసి చెట్టిగారిని అందులో పడుకోబెట్టింది. మెడ కిందికి ఇంకో పిడికెడు బియ్యం తోసింది.

"ఈ రేయికి బియ్యంలో పడుకుంటాడులే. అంగడి మనిషే కదా."

నైవేద్యం పెట్టిన శనగల సుండలి విద్య ముట్టలేదు. గోడ పక్కన కూర్చుంది. వాసవాంబ ఆకులో సుండలి తెచ్చి ఆమె ముందు పెట్టి తానూ కూర్చుంది.

"బొమ్మలు మెట్లమీద ఉంటే పరుపులు చెత్త మాదిరే ఉంటాయి. నీకు చెప్పాలని నాకు తోచలేదు. తిను."

మర్నాడు పొద్దున ఆమె బొమ్మల్ని దించలేదు. కోడల్ని వెంటబెట్టుకొని నటరాజ్ ఫ్రిడ్జీల అంగడికి వెళ్లింది. పండుగ బేరాలు ముగిసి అంగడి వెనక థర్మాకోల్ గుట్ట పడి ఉంది. మళ్లీ కొత్త బొమ్మలా అక్కా అని నటరాజ్ అడిగితే, పాతవాళ్లకే కొత్త ఇల్లు అంది. ఒక్కొక్క ముక్కనూ నొక్కి చూసి విద్య చేతికిచ్చింది.

ఇంటికొచ్చి బియ్యంలోంచి చెట్టిగారిని తీసి, ఊది, కోడలి ఒళ్లో పెట్టింది. చుట్టూ గీత గియ్యమంది. కొవ్వొత్తి రుద్దిన కత్తి ఇచ్చింది. విద్య గుంత తొలిచింది. తెల్లటి పూసలు ఆమె గాజులకు అంటుకున్నాయి. గుంత పెద్దదైంది. పడుకోబెడితే చెట్టిగారు అటూ ఇటూ కదిలాడు. విద్య తలెత్తింది.

వాసవాంబ తన పాత చీర పేలిక ఒకటి చింపి మడిచి మెడ కింద పెట్టింది. మిగిలిన పేలికలు రెండువైపులా వదులుగా దోపింది.

"కొంచెం చోటుండనీ. పక్కకి తిరిగి పడుకుంటాడు" అంది, రెండో బొమ్మనూ కొవ్వొత్తినీ విద్య వైపు జరుపుతూ.