నడుము కింద పలక

బంగళా పెద్దమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు నేను మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆమె కురిచేడులో కూతురి దగ్గర ఉంటున్నదని తెలుసు, దగ్గు వదలడం లేదనీ తెలుసు. వచ్చే ఆదివారం పోయి చూద్దామని నాలుగు ఆదివారాలుగా అనుకుంటూనే ఉన్నాను. కబురు తెచ్చిన మనిషి బడి గుమ్మం దగ్గర తలగుడ్డ తీసి నిలబడి, "నిన్ననే మట్టి చేసినారమ్మా" అన్నాడు. పిల్లలు ఏడో ఎక్కం పాడుతూనే ఉన్నారు. నేను ఆపమనలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆమెను ఎరగని పాఠకులకు ఆమె ఎవరో చెప్పాలి. మార్కాపురం నుంచి కొనకనమిట్ల వైపు పోయే దారిలో మా పల్లె. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఆమె గుడిసె. వయసులో ఉండగా మిషను బంగళాలో దొరసాని దగ్గర పదేళ్ళు ఆయాగా చేసింది. దొరసాని సముద్రం దాటి తన సీమకు వెళ్ళిపోయాక పల్లెకు తిరిగి వచ్చి కూలికి పోయేది. పని మారినా బంగళా పేరు ఆమెను వదల్లేదు. మనిషి పొట్టి, మాట కరుకు. ముందు పళ్ళు రెండు లేవు కాబట్టి నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. నడుము మాత్రం ఆ వయసులోనూ నిటారుగా ఉండేది.

నా కాన్పు చాలా కష్టమైంది. బిడ్డ దక్కింది, నేను దక్కాను, నడుము దక్కలేదు. మా అత్త పాతచీర చించి పొట్టకు నడికట్టు బిగించేది. కట్టు ఉన్నంతసేపే నేను మనిషిని. విప్పితే పొట్ట జారిపోయేది, నడుము రెండు ముక్కలైనట్టు ఉండేది. నీళ్ళ బిందె మాట అటుంచండి, కన్నబిడ్డను నేల మీంచి ఎత్తుకోలేకపోయాను. వంగితే చాలు, ప్రాణం కళ్ళల్లోకి వచ్చేది. పాలవేళకు అత్త బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టేది, తాగాక తీసుకుపోయేది. ఆరో నెలకు బిడ్డ చేతులు చాపడం నేర్చుకుంది. అత్తకు చాపేది, మా ఆయనకు చాపేది, చల్ల అమ్మవచ్చిన మనిషికి కూడా చాపేది. నాకు మాత్రం చాపేది కాదు. నన్ను చూసి నవ్వి ఊరుకునేది. అంత చిన్న ప్రాణానికి ఎట్లా తెలిసిందో! నేను పొయ్యి ముందు కూర్చుని పొగ వంక పెట్టుకొని ఏడ్చేదాన్ని.

ఒకనాడు నిప్పు కోసం వచ్చిన పెద్దమ్మ అది చూసింది.

"పొగకు ఇంత ఏడుపు రాదు పాపా. ఏంది సంగతి?"

చెప్పాను. పెద్దమ్మ నా నడికట్టు విప్పి, పొట్ట మీద అరచెయ్యి పెట్టి అదిమి చూసింది. "అసలు కట్టు బయట కాదు, లోపల ఉంటాది. నీది నిద్రపోతాంది. లేపుదాం. రేపు పొద్దున్నే వస్తా. ఒక చాప, ఒక పలక చూసిపెట్టు" అంది.

"పలక ఎందుకు పెద్దమ్మా, చదువుకుంటావా?" అని ఎగతాళి చేశాను.

"చదువు నీ నడుముకు" అంది.

మా ఆయన పలకల కార్ఖానాలో చట్రాలు బిగించేవాడు. మా ఇంట్లో చట్రం లేని పలకలకు కొదవ లేదు.

ఆ పొద్దులను తలుచుకుంటే నిజంగా జరిగినవో, నేను కలగన్నవో అనిపిస్తుంది. ఏ నెలో గుర్తులేదు. చాపలోంచి నేల చల్లదనం వీపుకు తెలియడం మాత్రం గుర్తుంది. తల కింద మడతపెట్టిన దుప్పటి వేసి, వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, పాదాలు నేలకు ఆనించమనేది. నడుము కింద ఖాళీలోకి పలక తోసేది. "ఊపిరి మెల్లగా వదులు. వదులుతా వదులుతా బొడ్డును నేలలోకి దించు" అనేది. దించేదాన్ని. ఆమె పలక అంచు పట్టుకొని లాగేది. అది సర్రున వచ్చేసేది. "రాకూడదు" అని మళ్ళీ తోసేది. మా కప్పులో బొక్క ఒకటుండేది. అందులోంచి బిళ్ళంత ఎండ వచ్చి నా పొట్ట మీద పడి, ఊపిరితో పాటు లేచేది, దిగేది. దాన్నే చూస్తూ ఎన్నిసార్లో నేనెక్కడున్నదీ మర్చిపోయాను.

"పొద్దున్నే ఈ పొర్లుడేంది? బడికి పొయ్యేది లేదా?" అని మా అత్త గొణిగేది.

"నువ్వూ పండుకో వదినా, నీకూ ఒక పలక పెడతా" అంది పెద్దమ్మ. అత్త నోరు నొక్కుకొని బయటికి పోయింది.

పది పన్నెండు రోజులకు కాబోలు, పలక కదల్లేదు. పెద్దమ్మ రెండు చేతులా లాగింది. రాలేదు. "ఊఁ" అని మాత్రం అంది. ఆమె మెచ్చుకోలు అంతే. ఆ తరువాత ఒక పాదం కొంచెం లేపి దించడం, అది కుదిరాక రెండోది. పాదం లేచినా పలక జారకూడదు.

నాకు ఓపిక తక్కువ, బిడ్డ మీద ఆత్రం ఎక్కువ. పెద్దమ్మ జ్వరమొచ్చి రాని రెండు రోజుల్లో నా సొంత తెలివి చూపించాను. బడిలో మగపిల్లలు డ్రిల్లు చేసేటప్పుడు పడుకొని లేవడం రోజూ చూస్తున్నదాన్నే కదా! పాదాలు లేవకుండా పలకల కట్ట ఒకటి మీద పెట్టుకున్నాను. వేళ్ళు మెడ వెనక అల్లుకొని, తలను గుంజుకుంటూ ఇరవై సార్లు లేచాను. ఇరవై ఒకటోసారి లేవలేదు. నడుము పట్టేసింది, మెడ బిగుసుకుపోయింది. నాలుగు రోజులపాటు ఎవరు పిలిచినా మనిషిని మొత్తంగా తిరగాల్సి వచ్చింది. బడిలో నా వెనక పిల్లలు నన్ను అనుకరిస్తున్నారని తెలిసినా, తిరిగి పట్టుకునేలోపు బుద్ధిగా కూర్చునేవారు.

పెద్దమ్మ వచ్చి చూసి తిట్టిన తిట్లు నేను రాసినా ఎవరూ అచ్చు వేయరు. తిట్టి, ఆముదం వెచ్చచేసి నా మెడకు రాస్తూ దొరసాని సంగతి చెప్పింది.

"మా దొరసానీ ఇంతే పాపా. బొమ్మల పుస్తకం ముందర పెట్టుకొని, మెడెనక చేతులేసి దబీదబీ లేసేది. లేసినాక 'ఆయా, మెడ' అనేది. రెండేండ్లు నూనె రాసినా. రాసి రాసి నా చేతులకే తెలిసిపోయింది. పనంతా మెడ చేస్తాంది, పొట్ట ఊరకే పండుకొనుంది. ఒకదినం ధైర్యం చేసి గడ్డం కింద నిమ్మకాయ పెట్టినా. 'ఇది పడకుండా, నలగకుండా లెయ్యండమ్మా' అన్నా."

"కోప్పడలేదా?"

"కోపమెందుకు? నవ్వింది. లెయ్యడం చేతకాలేదు, మళ్ళీ నవ్వింది. నెలకు లేసింది. ఆమె మెడ బాగైంది, నా నూనె పని పోయింది" అని కొంగు అడ్డం పెట్టుకుంది. దొరసాని వెళ్ళిపోయిన రోజు సంగతి మాత్రం ఎంత అడిగినా చెప్పేది కాదు. "రైలెక్కిచ్చి వచ్చినాం, అంతే" అనేది.

మెడ సర్దుకున్నాక నా గడ్డం కిందా నిమ్మకాయ చేరింది. చేతులు ఎద మీద, చూపు దూలం మీద. ఊపిరి వదులుతూ భుజాలు లేపాలి. "జానెడు లేస్తే చాలు, మిద్దె ఎక్కాల్సిన పన్లేదు" అనేది. ఎక్కడైనా కలుక్కుమందంటే ఆపించేది. "నొప్పితో బేరమాడద్దు పాపా" అనేది. చాప మీంచి లేచేటప్పుడు కూడా పక్కకు తిరిగి, చెయ్యి ఊతమిచ్చి లేవాల్సిందే. ఐదుసార్లు చేస్తే చాలనేది. ఆరోసారి అడిగితే పలక తీసుకుపోయేది.

ఇక ఆ సాయంత్రం. అత్త నీళ్ళకు పోయింది. బిడ్డ వాకిట్లో చాప మీద ఏడుస్తోంది. పెద్దమ్మ అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. బిడ్డను ఎత్తుకోమనలేదు, వద్దనలేదు. చాట మాత్రం ఆగింది. నేను ఒక మోకాలు నేలకు ఆనించాను. బిడ్డను ఎదకు చేర్చుకున్నాను. ఊపిరి వదులుతూ లేచాను. నడుము విరగలేదు. ఎక్కడా ఏమీ కాలేదు. బిడ్డ ఏడుపు ఆపి, ఇదెవరన్నట్టు నా ముక్కు పట్టుకొని చూసింది. అప్పుడు నేను ఏడ్చాను, పొగ లేదు, వంకా లేదు.

వాకిలి దాటి దారిలోకి నడిచాను. పెద్దమ్మ చాట వదిలేసి నా వెంట వచ్చింది. "మొదటి దినానికి చాలు, ఇట్లా తే" అని బిడ్డకు చేతులు చాపింది. బిడ్డ అటు పోలేదు. నా రవిక గుప్పిట పట్టుకొని నా మెడలో మొహం దాచుకుంది. పెద్దమ్మ చేతులు దించుకుంది. వెనకకు జరిగింది.

కుడివైపు పొద్దు కుంకుతోంది. మా నీడలు ఎడమ పక్క కోసేసిన జొన్నచేలో పొడుగ్గా నడుస్తున్నాయి. నా నీడ వెనక ఆమె నీడ. ఆ నీడ చెయ్యి ఒకటి ముందుకు చాచి, నా నడుముకు బెత్తెడు దూరంలో ఉంది. తగలడం లేదు. తిరిగి చూస్తే తీసేస్తుందని నేను తిరగలేదు. ఊరవతల నీళ్ళ వంక దాకా నడిచాం. అంతదూరమూ ఆ చెయ్యి అట్లాగే ఉంది.