మదాం ఫ్లొరాంజ్ అనుమానించిన పిల్లి

మా ఆయన రొజేర్ ఉన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారడమంటే ఆయన గది గదికీ తిరగడమే. అయిదింటికే లేచి, మేజోళ్లతో చప్పుడు లేకుండా నడుస్తూ ఏడు గదుల్లో హీటర్ల వేడి తిప్పే ఏడు థర్మోస్టాట్లూ పెంచేవారు. ఆరింటికి మళ్లీ ఒక చుట్టు తిరిగి అన్నీ తగ్గించేవారు. గట్టి చలి రోజుల్లో ఆరు నుంచి తొమ్మిది దాకా కరెంటు తక్కువ వాడిన వాళ్లకు కంపెనీ బిల్లులో కొంత తగ్గిస్తుంది. గోడల అడుగున హీటర్లు చల్లారుతూ టిక్కు టిక్కుమనేవి. ఆ చప్పుడుకే నేను లేచేదాన్ని.

అక్టోబరులో ఆయన పోయారు. ఈ చలికాలం నేను వంటగది ఒక్కటే వెచ్చగా ఉంచుకున్నాను. అక్కడే మడత మంచం వేసుకున్నాను. మిగతా గదులు పన్నెండు డిగ్రీల్లో, తలుపులు మూసి. తిరిగి తిప్పడానికి ఏమీ లేదు.

అయినా జనవరి బిల్లు నిరుడు ఇద్దరం ఉన్నప్పటికి రెట్టింపు వచ్చింది.

మా మరిది ఫెర్నాన్ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు పైకెత్తి చూశాడు. "నేను చెప్తే వినవు వదినా. ఈ ఇంటిని నెట్టుకురావడం ఒక్క మనిషి వల్ల కాదు. ఈస్టరు లోపల అమ్మేద్దాం. నాకు తెలిసిన ఏజెంటు ఉన్నాడు. నువ్వు ఊళ్లో చిన్న అపార్టుమెంటు తీసుకో, అక్కడ హీటింగు అద్దెలోనే కలిసి ఉంటుంది."

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఉంటున్న ఇల్లు. నేలమాళిగలో సిమెంటు రొజేర్ స్వయంగా పోశారు. అదంతా చెప్పడం నాకు చేతకాదు. "మార్చి బిల్లు కూడా ఇలాగే వస్తే నీ ఇష్టం" అన్నాను. నోరు జారాను. ఫెర్నాన్ ఆ మాటను జాగ్రత్తగా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

పక్కింటి మదాం ఫ్లొరాంజ్‌తో నాకు అంతవరకు పెద్దగా మాటల్లేవు. డెబ్బై నాలుగేళ్లు. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఒక్క ఏళ్లు దుప్పట్లు మడతపెట్టిన మనిషి. ఇప్పటికీ చేతిరుమాలు తీసినా నాలుగు మూలలూ లాగి చూస్తుంది. ఎవరినీ నమ్మదు. కొట్లో పిండి సంచీ కొంటే ఇంటికొచ్చి మళ్లీ తూస్తుంది. పాదిరిగారు కొత్త కొవ్వొత్తులు తెప్పిస్తే పాతవి ఏమయ్యాయని అడుగుతుంది.

అలా అవడానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట ఒక మర్యాదస్థుడు టై కట్టుకుని వచ్చి, గోడ ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు సగమవుతుందని మూడు డబ్బాలు అమ్మి పోయాడట. పచ్చ దీపం వెలగడం తప్ప అవి చేసిందేమీ లేదు. అందులో ఒకటి ఇప్పటికీ వంటింటి అరలో మేరీమాత బొమ్మ పక్కన ఉంది. "దండం పెట్టుకోవడానికి అమ్మ, బుద్ధి తెచ్చుకోవడానికి డబ్బా" అంటుంది.

ఆ తరువాత బిల్లు తగ్గించే పని ఆవిడే పట్టుకుంది. కిటికీలకి సన్నటి ప్లాస్టిక్ కాగితం అంటించి జుట్టు ఆరబెట్టుకునే మెషినుతో బిగిస్తుంది. హీటరుకి అడ్డం రాకుండా పరదాల అంచులు కత్తిరించి కుట్టుకుంది. సోఫాను గోడకి జానెడు దూరం జరిపింది. బట్టలుతికే మెషిను రాత్రి ఎనిమిది దాటాకే. మా వీధిలో అందరికంటే తక్కువ బిల్లు తనదేనని చెప్తుంది కానీ ఆ బిల్లు ఎవరికీ చూపించదు.

ఫిబ్రవరి మొదటి వారం, పొద్దున్నే చెత్త పెట్టె బయట పెట్టబోయి చూశాను. మా ఇంటి పక్కగోడ వెంట మంచులో అడుగులు. గోడకి బిగించిన మా కరెంటు మీటరు దాకా వచ్చి, వెనక్కి తిరిగి, ఫ్లొరాంజ్ ఇంటికి వెళ్లాయి. మర్నాడూ ఉన్నాయి. సాయంత్రం ఇంకో జత కొత్తవి.

ఆ ఆదివారమే పూజ అయ్యాక చర్చి బయట ఫెర్నాన్ ఆవిడ చేతిలో ఒక కవరు పెట్టడం చూశాను. ఆవిడ చుట్టూ చూసి దాన్ని కోటు లోపల దాచుకుంది.

ఇంక నాకు కుదురు లేదు. ఇద్దరూ కలిసిపోయారు. మీటరుకి ఏదో చేస్తున్నారు. బిల్లు పెరిగితే నేను అమ్ముతాను, ఆవిడకి కమీషను ముడుతుంది. ఆవిడ నాకు పంపిన గుర్గన్ అనే ఇక్కడి పెద్ద చిక్కుళ్ల సూపు గిన్నె మూత కూడా తీయకుండా రెండు రోజులు గుమ్మంలోనే ఉంచాను. గడ్డకట్టి రాయి అయింది.

బుధవారం పొద్దున కిటికీ దగ్గర కాపు కాశాను. ఆవిడ మంకీ టోపీ పెట్టుకుని మోకాలి లోతు మంచులో కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ వచ్చి, పెన్సిలు తీసింది. నేను రొజేర్ బూట్లు తొడుక్కుని బయటికి పోయాను.

"మదాం, నా మీటరుతో మీకేం పని?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. "హమ్మయ్య, నోరుందే! అక్టోబరు నుంచి మూగదానివయ్యావనుకున్నా."

"ఫెర్నాన్ మీకేమిచ్చాడు?"

"ఇదిగో." కవరు తీసి చూపింది. ఇళ్ల ఏజెంటు రంగుల కాగితాలు. "ఇవి నీ చేతిలో పెట్టి నీ మనసు మార్చాలట. నేను మంచిదాన్నట, నా మాట వింటావట. నన్ను మంచిదన్నాడంటేనే ఉన్న అనుమానం రెట్టింపైంది. వెనక వైపు తెల్లగా ఉన్నాయి కదా, దండగెందుకని నీ మీటరు అంకెలు రాస్తున్నా."

కాగితాల వెనక రోజుకి రెండు వరసలు, పిన్నీసు మొనల్లాంటి అంకెలు.

"బిల్లు ఇంతని మీకెవరు చెప్పారు?"

"నీ మరిది ఊరంతా చెప్పాడు. సరే, నువ్వు చెప్పు అమ్మాయ్. నిన్న పగలు ఆరు గంటలు మీ అక్క దగ్గరున్నావు. ఆ ఆరు గంటలూ నీ ఇల్లు నా ఇంటికి మూడింతలు తిన్నది. ఎవరిని దాచావు లోపల?"

"ఎవరూ లేరు. నేనూ, మినూ."

"మినూ ఎవడు?"

"పిల్లి."

"దాన్నీ చూస్తాను" అంది.

ఆవిడ కోటు విప్పకుండానే నేలమాళిగలోకి దిగింది. బ్రేకర్ల పెట్టె తలుపు తీసింది. ఒక్కో మీటా నేను కిందికి దించాలి, ఆవిడ పైకెళ్లి బయట మీటరు చూసి రావాలి. నన్ను పైకి పంపదు. "నువ్వు నాకు అబద్ధం చెప్పవచ్చు" అంది. నేనూ ఆవిడని మీటల దగ్గర ఒంటరిగా ఉండనివ్వదల్చుకోలేదు. కాబట్టి అలాగే సరిపోయింది.

హీటర్లన్నీ ఆపినా మీటరు పరుగు ఆగలేదు. ఫ్రిజ్జు ఆపినా ఆగలేదు. చివరికి వేన్నీళ్ల ట్యాంకు మీట దించాను. పైనుంచి ఆవిడ బూటుతో నేలని దబదబా తన్నింది.

"దొరికాడు దొంగ! ఎన్నిసార్లు స్నానం చేస్తావే రోజుకి?"

"వారానికి రెండుసార్లు. అదీ గోరువెచ్చగానే వస్తాయి. ట్యాంకు ముసలిదైందనుకున్నా."

ఆవిడ దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నేలమాళిగంతా కలయజూసింది. చూపు రొజేర్ పనిబల్ల దగ్గర ఆగింది. బల్ల ముందు, ఆయన నిలబడి పని చేసుకునే చోట, వట్టి సిమెంటు మీద మినూ పడుకుని ఉంది.

"ఇదెప్పుడూ ఇక్కడేనా?"

"నవంబరు నుంచి. ఆయన కోసం" అన్నాను. "ఆయన స్వెట్టరు కూడా పరిచాను. దాన్ని పక్కకి నెట్టేసి సరిగ్గా ఆయన నిలబడే చోటే పడుకుంటుంది."

ఫ్లొరాంజ్ చాలాసేపు పిల్లిని చూసింది. పిల్లి కూడా ఆవిడని చూసింది.

"ఏడుస్తున్న పిల్లి ఆయన స్వెట్టరు కాదంటుందా? చలికాలంలో వట్టి సిమెంటు మీద పడుకునే పిల్లిని నేనెక్కడా చూడలేదు. నాకీ పిల్లి మీద అనుమానంగా ఉంది."

వంగి, మినూని కాలితో మెల్లగా జరిపి, ఆ చోట అరచేయి ఆనించింది. తరువాత నా చేయి లాగి అక్కడ పెట్టింది.

సిమెంటు, పొయ్యి దించి కాసేపైన రొట్టెల పెనంలా, వెచ్చగా ఉంది.

నేను చేయి తీయలేకపోయాను. ఆవిడ పక్కనే కూలబడి చెవి నేలకి ఆనించింది. "సన్నగా సుయ్యిమంటోంది. కింద వేన్నీళ్ల గొట్టం పగిలింది. ఈ నేలమాళిగ మూలనున్న చిన్న స్నానాలగదికి పోయేది. ఈ ఊళ్లో నీళ్లకి మీటరు లేదు, ఏడాదికోసారి పన్నే. ఎంత పోయినా ఎవరికీ తెలియదు. నువ్వు మూడు నెలలుగా భూమికి స్నానం చేయిస్తున్నావే కొలొంబ్."

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఆ స్వెట్టరు తీసి, నాలుగు మూలలూ లాగి, మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది.

ప్లంబరు వచ్చి సిమెంటు పగలగొట్టి గొట్టం మూసేసి వెళ్లాడు. వాడు పని చేసినంతసేపూ ఫ్లొరాంజ్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది, వాడి గడియారం ఒకసారి, తన గడియారం ఒకసారి చూస్తూ. మర్నాటి నుంచి రోజు వాడకం సగానికి పైగా పడిపోయింది. నాలుగో రోజుకి నేల చల్లబడింది. మినూ మెట్లెక్కి వచ్చి వంటగది హీటరు ముందు పడుకుంది. మళ్లీ కిందికి వెళ్లలేదు. ఒకటి రెండుసార్లు నేనే దాన్ని ఎత్తుకెళ్లి బల్ల ముందు దించాను. ఉండలేదు.

ఫెర్నాన్ వచ్చి పగిలిన సిమెంటు చూశాడు. "చూశావా వదినా, ఇవాళ గొట్టం, రేపు పైకప్పు. ఏజెంటుని శనివారం రమ్మన్నాను, ఊరికే ఫోటోలకి."

"మార్చి బిల్లు చూసి కదా అన్నాను."

"బిల్లు నువ్వు చూడు. ఫోటోలు అతన్ని తీసుకోనీ."

శుక్రవారం సాయంత్రం మొదలైన మంచు శనివారం పొద్దుటికల్లా ఇంటి ముందు మెట్లన్నీ కప్పేసింది. తొమ్మిదింటికి ఫెర్నాన్ ఫోను. "పదింటికి వస్తున్నాం. మెట్ల మీద మంచు తీసి ఉప్పు జల్లు వదినా. అతనివి తోలు బూట్లు, జారతాయి."

"సరే" అనబోయాను. అనకుండా ఫోను పెట్టేశాను.

పార తలుపు వెనకే ఉంది. కాఫీ పెట్టుకున్నాను. పదింటికి కారు వచ్చి ఆగింది. తోలు బూట్లాయన తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టి, మంచు చూసి మళ్లీ లోపలికి తీసుకున్నాడు. ఫెర్నాన్ వీధిలోంచే నా కిటికీ వైపు చేతులూపి మెట్లు చూపించాడు. నేను కప్పు రెండు చేతులతో పట్టుకుని, కనిపించేలాగే నిలబడి, పార ముట్టుకోకుండా చూస్తూ ఉన్నాను.