చతుర్దశి బియ్యం

మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. సూరత్‌లో మా వాడకు కొత్తగా వచ్చినవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి కూర సంగతి మాట్లాడుకుంటున్నా జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారేమో అని ఆగి చూస్తారు. నేను బ్యాంకులో చేరిన కొత్తలో మేనేజరు నన్ను లోపలికి పిలిచి, వచ్చినవాళ్ల మీద అంత కోపం ఎందుకమ్మా అని అడిగాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాదనను. కానీ ఆ రోజు నేను కోప్పడలేదు, మామూలుగానే మాట్లాడాను.

మా పక్కింటి అక్క కొడుకుదీ అదే గొంతు. అక్క అంటే తోడబుట్టినది కాదు, గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇల్లు. ఇద్దరి పుట్టిళ్లూ కరీంనగర్ వైపే. వాడు సైన్యంలో చేరాక ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టకుండానే మా వంటింట్లోకి వినిపించేది. "మా ఉస్తాద్ తిడుతుండు చిన్నమ్మా, చప్పుడు చేయకుండ్రి అంటే నువ్వొక్కనివే సాంచలెక్క మోగుతవేందిరా అని" అంటూ నవ్వేవాడు. ఉస్తాద్ అంటే వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చేవాడు, సాంచ అంటే మా వాళ్ల మాటల్లో కరెంటు మగ్గం. వాళ్ల నాన్న దాని మీదే పని చేసి, దూది ధూళి పీల్చి పీల్చి, దగ్గుతోనే పోయాడు. ఆ దగ్గు విన్న పిల్లవాడు మగ్గం ముట్టనని పంతం పట్టాడు. తండ్రి పోయాక ఇంట్లో మిగిలింది వాడూ తల్లీ ఇద్దరే.

మా నేతవాళ్ల ఇళ్లలోంచి వాడికన్నా ముందు మరో ఇద్దరు సైన్యంలోకి వెళ్లారు. ముగ్గురూ ఒకే ప్రాణంగా ఉండేవాళ్లు. మొదటివాడికి ఉద్యోగం వచ్చాక, సెలవు మీద వచ్చినప్పుడల్లా మిగతా ఇద్దరినీ తెల్లవారకముందే లేపి డుమస్‌ తీసుకెళ్లి సముద్రపు ఒడ్డున ఇసుకలో పరుగెత్తించేవాడు. పరుగు అయ్యాక అక్కడే టమాటా భజియాలు తినేవాళ్లు. కరిగించిన కొవ్వంతా మళ్లీ అక్కడే ఎక్కించుకుని వస్తున్నారు కదరా అని నేను ఆటపట్టిస్తే, సైన్యంలో కడుపు కూడా బలంగా ఉండాలి చిన్నమ్మా అనేవాడు అక్క కొడుకు.

ముగ్గురూ పోయారు. ఒకచోట కాదు, ఒక్కసారీ కాదు. సరిహద్దులో కాల్పులు జరిగాయని టీవీలో కింద ఒక వార్త పరిగెడుతుంది చూడండి, అట్లాంటి వార్తల్లో పోయారు. అది యుద్ధమని ఎవరూ పేరు పెట్టలేదు. శవపేటిక మోసినవాళ్లకు ఆ పేరుతో పనిలేదు. అందరికన్నా చిన్నవాడు, అందరికన్నా చివర పోయినవాడు అక్క కొడుకే.

అప్పటి నుంచి మా సంఘం హాల్లో గోడ మీద మూడు పటాలు ఉన్నాయి. జెండా పండుగ రోజున వాటికి దండలు వేస్తారు. మైకులో పాటలు పెడతారు. ఎవరో ఒక నాయకుడు వచ్చి కాసేపు గుజరాతీలో, కాసేపు హిందీలో మాట్లాడి, మధ్యలో మా కోసమని "అందరికీ నమస్కారం" అని తెలుగులో అంటాడు. దానికి అందరికన్నా ఎక్కువ చప్పట్లు. తర్వాత అమర్ రహే అని అరుస్తారు, అందులో మాత్రం మా వాళ్ల గొంతుకు సాటి లేదు. చివర తల్లులకు శాలువాలు కప్పుతారు. ఆ శాలువా మా వాడలోనే నేసినది. మనం నేసిన గుడ్డ మనకే కప్పి సన్మానం అంటారేంటి అని నేను గొణిగితే పక్కనున్నవాళ్లు మోచేత్తో పొడిచారు. అక్క మాత్రం శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, గోడ మీది పటాన్ని చూస్తూ కూర్చునేది.

ఆమెకు కావలసింది శాలువా కాదు. అది మాకు పెత్తరమాస రోజున తెలిసింది.

భాద్రపదం చివర వచ్చే అమావాస్యను మేము పెత్తరమాస అంటాం. ఆ రోజు చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇవ్వడం మా ఆచారం. పళ్లెంలో బియ్యం, పప్పు, బీరకాయలు, గుమ్మడికాయ ముక్క, చింతపండు, కాస్త నెయ్యి పెట్టుకుని గుడికి వెళితే, అయ్యగారు పేర్లు అడిగి చదివి పళ్లెం అందుకుంటారు. ఇచ్చేదాకా మనం ఏమీ తినకూడదు. అట్లా ఇస్తే పోయినవాళ్ల కడుపు నిండుతుందని నమ్మకం. నిండుతుందో లేదో నాకు తెలియదు. మా నాన్నకు మాత్రం నేను ఒక్క ఏడూ మానలేదు.

పోయినవాడికి కిందివాళ్లు ఇవ్వాలి. ముగ్గురు పిల్లల్లో మొదటివాడికి పెళ్లయింది, చిన్న కొడుకున్నాడు, వాడి చేత్తో ఇప్పిస్తున్నారు. రెండోవాడికి తమ్ముడున్నాడు. అక్క కొడుక్కి పెళ్లి కాలేదు, తోడబుట్టినవాళ్లు లేరు. వాడి కింద ఎవరూ లేరు.

వాడి సంవత్సరీకం అయ్యాక వచ్చిన పెత్తరమాసకు అక్క నాతోపాటే గుడికి వచ్చింది. అయ్యగారు పేర్లు అడిగారు. ఆమె పెనిమిటి పేరు చెప్పింది, మామ పేరు చెప్పింది, ఆ పైన తాత పేరు చెప్పింది. అయ్యగారు చదవబోతుండగా కొడుకు పేరు కూడా చెప్పింది.

అయ్యగారు ఆగిపోయారు. పక్కన కుర్చీలో మా కులపెద్ద కూర్చుని ఉన్నాడు. వాడలో అందరూ ఆయన్ను తాతా అంటారు. మంచివాడే, ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు కనిపించే మనిషి. కానీ ఆచారం దగ్గర ఉక్కుముక్క.

"ఇది పెద్దలకిచ్చే దినం బిడ్డా" అన్నాడు. "నీ కడుపుల పుట్టినోనికి నువ్వెట్ల ఇస్తవ్? మీదోళ్లు కిందోళ్లకు ఇయ్యద్దు. ఇంటికి అరిష్టం."

"ఇంట్ల ఎవరున్నరని తాతా, అరిష్టం?" అంది అక్క.

అది విన్నాకైనా ఊరుకోవచ్చు కదా, తాత ఊరుకోకుండా అది రివాజు కాదు బిడ్డా అని మళ్లీ మొదలుపెట్టాడు. నాకు మండింది.

"పటానికి దండ వేసేటప్పుడు అడ్డం రాని చిన్నతనం, గుప్పెడు బియ్యం దగ్గర అడ్డమొచ్చిందా?" అన్నాను.

"చదువుకున్నదానివి. జర నోరు తక్కువ చెయ్యి" అన్నాడు తాత. వెనకాల వరుసలో ఉన్నవాళ్లు తలలు వంచుకున్నారు. మా గొంతులు ఎట్లాంటివో చెప్పాను కదా. గుడి బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా అంతా వినిపించింది.

అక్క గొడవ పెట్టుకోలేదు. పళ్లెం ఎత్తుకుని ఇంటి దారి పట్టింది. మా నాన్న పళ్లెం అంతకుముందే ఇచ్చేశాను, నేనూ వెనకే నడిచాను. కొడుక్కి ఇవ్వనివ్వలేదని పెనిమిటికి కూడా ఇవ్వకుండా వచ్చేసింది. మెట్ల మీద కూర్చున్నాక అంది: "నేనున్నన్ని దినాలు నేను తలుస్తనే ఉంట చెల్లె. నేను పోయినంక? పటం చూసినోళ్లు జై అంటరు. బుక్కెడు బువ్వ ఎవరు పెడ్తరు వానికి?"

నేను తిట్టడంలో దిట్టనే గానీ ఓదార్చడం నాకు రాదు. పక్కన కూర్చున్నాను, అంతే.

మా రెండిళ్లకూ ఓనరు ఒక గుజరాతీ ముసలమ్మ. పై అంతస్తులో ఉంటుంది, అందరం బా అని పిలుస్తాం. నీళ్లు ఎక్కువ వాడారని రోజూ తిట్టే మనిషి. ఆ అమావాస్యకు ముందు పక్షం రోజులూ గుజరాతీ ఇళ్లలో కూడా పోయినవాళ్లకు పెడతారు. చిక్కటి పాలలో బియ్యం ఉడికించి, డాబా మీద కాకులకు వేస్తారు. ఆ రోజు కూడా బా ఖాళీ గిన్నెతో డాబా దిగి వస్తూ మమ్మల్ని చూసింది. నిండుగా ఉన్న పళ్లెం చూసింది. ఏమయిందని అడిగితే నేను హిందీలో చెప్పాను, మధ్యలో తాతను నాలుగు మాటలు అన్నాను కూడా.

బా అంతా విని, "ఆజ్ క్యోఁ గయీ? కల్ చౌదస్ థీ నా" అంది. ఇవాళెందుకు వెళ్లావు, నిన్న కదా చతుర్దశి అని. ఆయుధంతో పోయినవాళ్లకూ, ప్రమాదంలో పోయినవాళ్లకూ అమావాస్య ముందురోజు ప్రత్యేకంగా ఉందట. వాళ్లు పెద్దవాళ్లా చిన్నవాళ్లా, పెళ్లయిందా లేదా అని ఆ రోజు ఎవరూ చూడరట.

"తల్లి పెట్టవచ్చా?" అని అడిగింది అక్క.

"మా చిన్నవాడికి నేను నిన్ననే పెట్టాను" అంది బా. స్కూటర్ మీద పోతుంటే లారీ గుద్దిందట. చాలా ఏళ్లయిందట. ఆ ఇంట్లో ఇన్నేళ్లు అద్దెకుండి, ఆమెకు చనిపోయిన కొడుకు ఉన్నాడని మాకు తెలియనే తెలియదు. బా మెట్టు మీద కూలబడి అక్క మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ రోజు నీళ్ల గురించి ఏమీ అనలేదు.

మర్నాడు బ్యాంకుకు సెలవు పెట్టి నేను అయ్యగారి ఇంటికి వెళ్లాను. నా ముఖం చూసి ఆయన ముందే కుర్చీ వేశారు. చతుర్దశి సంగతి అడిగితే, ఉందమ్మా, శాస్త్రంలో ఉంది అన్నారు. మరి నిన్న ఎందుకు చెప్పలేదు అన్నాను.

"మీ వాళ్లకు నలభై ఏళ్లుగా చదువుతున్నాను. ఏ ఒక్కరూ ఆ రోజు రాలేదు. నాకూ అందరూ అమావాస్యకు రావడమే అలవాటైపోయింది" అన్నారాయన, తల దించుకుని. మిగతా ఇద్దరు పిల్లలకు కూడా అమావాస్య రోజునే చదివారట.

తాత దగ్గరికి కూడా వెళ్లాను. చతుర్దశి సంగతి చెప్పాను. "మనోళ్లల్ల ఆయుధంతోని ఎవరు చచ్చిండ్రు బిడ్డా?" అన్నాడు. "మా అయ్య దగ్గుతోని పోయిండు. మా తాత దగ్గుతోనే. మగ్గం పట్టినోళ్లకు అసొంటి దినం ఒకటుంటదని ఎవరు చెప్తరు?" ఆ ముసలాయన మీద నాకున్న కోపం అక్కడే సగం తగ్గింది. నిజమే, తరతరాలుగా మంచంలోనే పోయిన జాతి మాది. ఈ ముగ్గురు పిల్లలు మాకు కొత్త చావు తెచ్చిపెట్టారు, దానికి ఏం చేయాలో మాకు తెలియలేదు.

చతుర్దశి కోసం మళ్లీ ఏడాది ఆగాలి. అక్కకు షుగరు ఉంది. అంతకుముందు మందులు వేసుకోమంటే ఎందుకు చెల్లె అనేది. ఆ ఏడాది తనంతట తనే ఆస్పత్రికి వెళ్లింది. "వచ్చే చౌదస్ దాంక నన్ను చావనియ్యకు సారూ, ఆ తర్వాత నీ ఇష్టం" అందట డాక్టరుతో. ఆయన నవ్వాలో వద్దో తెలియక మందులు రాశాడట. ఆ మందులు పూట తప్పకుండా వేసుకుంది.

మొన్నటి భాద్రపదంలో ఆ రోజు వచ్చింది. గుడి దాదాపు ఖాళీగా ఉంది. అయ్యగారు, తాత, నేను, అక్క. మిగతా రెండు ఇళ్లవాళ్లు ముందే ఇచ్చి, వెళ్లకుండా ఒక పక్కగా కూర్చున్నారు. అక్క ఉతికిన చీర కట్టుకుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ పొద్దుటినుంచీ కూర్చుందట, ఈ కాలం బియ్యంలో రాళ్లెక్కడివి.

అయ్యగారు పేరు అడిగారు. చెప్పింది. నీకేమవుతాడని అడిగారు, అట్లా అడగడం పద్ధతి.

"కొడుకు" అంది.

అయ్యగారు మంత్రం మొదలుపెట్టారు. మధ్యలో వాడి పేరు వచ్చింది. పోయినవాళ్ల పేర్లు ఎట్లా పలుకుతారో అట్లాగే పలికారు, మెల్లగా, ముందూ వెనకా గోత్రం చేర్చి. ఇన్నాళ్లూ మైకులో ఆ పేరు విన్నాం, ముందు వీర అని, వెనక అమర్ రహే అని. ఇట్లా ఎప్పుడూ వినలేదు.

అయ్యగారు చేతులు చాచారు. అక్క పళ్లెం ముందుకు పెట్టింది, ఆయన పట్టుకున్నారు. కానీ ఆమె వదల్లేదు. ఆయన కొంచెం లాగి చూశారు. అయినా వదల్లేదు.

"ఇది ఇచ్చేస్తే..." అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. "ఇచ్చేస్తే ఇగ వాడు పోయినట్టేనా అయ్యగారూ?"

అయ్యగారు లాగడం మాని, పళ్లెం కింద చేతులు అట్లాగే ఉంచి నిలబడ్డారు. ఈ బియ్యం కోసం అందరితో కొట్లాడిన నాకూ ఆ క్షణంలో, వద్దులే అక్కా, ఇంటికి పోదాం పద అనాలనిపించింది.

తాత కర్ర పక్కన పెట్టి లేచాడు. పళ్లెం ఇచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లంతా ఇచ్చే మనిషికి చెయ్యి తగిలించాలి, అది కూడా మా ఆచారమే. ఆయన వచ్చి ఆమె మోచేతి మీద చెయ్యి పెట్టాడు. నేను రెండో వైపు పెట్టాను. పక్కన కూర్చున్న రెండు ఇళ్లవాళ్లూ లేచి వచ్చి మా భుజాలు పట్టుకున్నారు.

"ఇయ్యి బిడ్డా" అన్నాడు తాత. "ఆకలిగొని ఉంటడు."

అక్క చేతులు వదిలేసింది.