కుంకుమ మీద పడ్డ నింద

నా కంప్యూటర్‌ను చెడగొట్టింది అంగడివాడు. నింద వేసింది నేను పెట్టిన కుంకుమ మీద.

అసలు మాట చెప్పేశాను కాబట్టి ఇక నెమ్మదిగా మొదలుపెడతాను. మా అక్కకు ఎనభై దాటింది, ఇక్కడ తమిళనాట రాజపాళయంలో నా దగ్గరే ఉంటుంది. పత్తి ఏరేటప్పటి పాటలు, పెళ్లికూతురిని ఏడిపించే పాటలు, అన్నీ మన తెలుగులో, ఆమె నోట్లో ఉండేవి. గొంతు బాగున్న రోజుల్లో పాడించి కంప్యూటర్‌లో దాచాను. ఇప్పుడు పాడమంటే మొదటి చరణం దగ్గరే ఆగి, "మిగిలింది నీ పెట్టెలో ఉండాది, పో" అంటుంది. నిజమే, ఇంకెక్కడా లేదు.

పాట మరీ సన్నగా వినిపిస్తోందని, ఆయుధపూజ ముందురోజు పెట్టెను బజారులోని కంప్యూటర్లు బాగుచేసే అంగడికి తీసుకెళ్లాను. అంగడివాడు మనవాడే, మన మాటే మాట్లాడతాడు. శబ్దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, డ్రైవర్ అంటారు. అది పాతదైందని కొత్తది ఎక్కించాడు. "ఇంటికి పోయి ఆన్ చేస్తే సరి తాతా" అన్నాడు. పండగ తొందరలో ఆన్ చేసి చూపించనే లేదు.

మరునాడు రాజపాళయంలో ఏ యంత్రమూ తిరగదు. నూలు మిల్లులో కదుర్లు మొదలుకొని వంటింట్లో కత్తిపీట దాకా అన్నిటికీ చందనం, కుంకుమ, విశ్రాంతి. నా పెట్టెకూ చందనం పూసి నిండుగా కుంకుమ బొట్టు పెట్టి, ముట్టుకోకుండా ఉంచాను. పండగ దాటాక ఆన్ చేస్తే నీలం తెర, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు, ఆరిపోవడం. మళ్లీ నీలం తెర.

ఫోన్ చేస్తే అంగడివాడు బండి మీద వచ్చాడు. తెర వైపు చూడలేదు, బొట్టు వైపు చూశాడు.

"ఏం తాతా, చందనం తడితో పూసినారా? లోపలికి దిగిపోయిండాది. అంతా తుడిచి కొత్తగా వేయాల."

"అంతా అంటే?"

"లోపల ఉండేదంతా. పాటలు కూడా."

"నువ్వు ఎక్కించిన డ్రైవర్ సంగతేమప్పా?"

"అది బాగుండాది తాతా. ఇది మీ బొట్టు చేసిన పని."

లోపలి నుంచి అక్క, "పోతే పోనీరా తమ్ముడా, మళ్లీ పాడతా" అంది. ఏదీ పాడమన్నాను. మొదటి చరణం పాడింది, గోడ వైపు చూసింది, "కాఫీ తాగినావా?" అంది.

పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వక వాణ్ణి పంపేశాను.

ఈ నింద నాకు కొత్త కాదు. మిల్లులో నేను చేరిన కొత్తలో, ఆయుధపూజ అయ్యాక ఒక మోటారు కాలిపోతే, చందనం పూసిన మా మీదికే నెట్టారు. విప్పి చూస్తే నూనె చుక్క లేని బేరింగు! మా మేస్త్రి అప్పుడన్న మాట నేను మరిచిపోలేదు: "చివర మార్చింది ఏదో, ముందు దాన్ని విప్పు." బడిలో నేర్చింది తక్కువ. ఇంగ్లిష్ కూడా మిల్లు యంత్రాల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే.

చివర మార్చింది డ్రైవర్. ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ కూర్చున్నాను. నాలుగైదుసార్లు ఆరిపోయాక పెట్టె తానే ఒక పట్టిక చూపించింది. అందులో సేఫ్ మోడ్ అని ఒక దారి ఉంది. ముఖ్యమైనవాటితో మాత్రమే లేచే దారి అది. ఒకసారి తప్పు నొక్కి మొదటికే వచ్చాను. రెండోసారి లోపలికి వెళ్లి, కొత్త డ్రైవర్‌ను తీసి పాతదాన్ని నిలబెట్టాను. పెట్టె లేచింది. పాటలన్నీ ఉన్నాయి. బొట్టు మాత్రం తుడవలేదు, అదే కదా నా సాక్షి.

వెంటనే షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని అంగడికి తీసుకెళ్లాను. జనం ఉన్నారు, మంచిదే అనుకున్నాను. వాడి పెద్ద స్పీకర్‌కే తగిలించి పెళ్లికూతురి పాట పెట్టాను. అక్క గొంతు అంగడంతా నిండింది.

"ఎవరిది తప్పు? నీ నోటితో చెప్పు" అన్నాను.

వాడు బొట్టు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. మొదటి చరణం అయ్యేదాకా పాటే విన్నాడు. చివరికి అన్నాడు:

"తప్పు నాదే తాతా. వేరే మోడల్‌ది ఎక్కించేసినాను, కుంకుమని ఏమీ అనకూడదు. మీరు పాట మాత్రం ఆపొద్దండి, రెండో చరణం విననీండి. మా అమ్మకి కూడా మొదటిదే తెలుసు."