పూలదండకు బెదిరిన కారు

పెళ్లికొడుకును మంటపానికి చేర్చడమనే చిన్న పనిని ఒక మనిషి ఎంత ఘోరంగా చెడగొట్టగలడో తెలుసుకోవాలని మీకుంటే, చెప్పడానికి నాకన్నా అర్హుడు దొరకడు.

ఆదోనిలో మా పత్తి వ్యాపారం బాగా నడుస్తున్న రోజుల్లో ఒక విదేశీ కారు కొన్నాను. దాని సీటు వీపు పిసికేది. ఎవరైనా అడ్డొస్తే నాతో పనిలేకుండా తనే బ్రేకు వేసుకునేది. ఈ సంగతి నేను చెప్పని దుకాణం బజారులో లేదు.

మా మామగారిది వాళ్ల నాన్న కొన్న పాత అంబాసిడర్. దాని తలుపు వేస్తే వీధి చివర కుక్క మొరిగేది. ఆ ఇంటి పెళ్లికొడుకులంతా అందులోనే వెళ్లారు. బావమరిది శీనుకు ఎమ్మిగనూరు సంబంధం కుదిరినప్పుడు నేను అడ్డం పడ్డాను.

"ఆ డొక్కు బండి యాలప్పా మామా? శీనును నా కార్లో తీస్కపోతా."

"ముహూర్తం తప్పితే ఆడపిల్లోళ్లకు నువ్వే జవాబు సెప్పాల" అన్నారాయన. నేను మీసం తిప్పాను. అప్పట్లో నాకు మీసం లేదు, అయినా తిప్పాను.

పెళ్లికారంటే పూలుండాలి కదా. బంతి, చేమంతి కలిపి చేతి మందాన దండ కట్టించి, బానెట్ ముందు వేలాడేలా వేయించాను. పలచని దండ చాలన్న మా ఆవిడకు కారు స్థాయి గురించి కాసేపు బోధించాను.

పెళ్లిరోజు ఉదయం జిన్నింగు మిల్లులు దాటి వేగం పెంచానో లేదో, కారు కీచుమని అరిచి ఉన్నచోట ఆగిపోయింది. వెనకున్న శీను వచ్చి నా సీటుకు గుద్దుకున్నాడు. బాసికం వంకరైంది.

"ఏమైంది బావా?"

"ఎవరో అడ్డం వచ్చినారు."

"ఎవరూ లేరే."

"కారుకు కనపడినారులే. దానికి నీకన్నా సూపెక్కువ."

నిజానికి నాకూ ఎవరూ కనపడలేదు. కానీ అంత ఖరీదైన కారు అబద్ధమాడుతుందా? మళ్లీ కదిలించాను, మళ్లీ ఆగింది. కొంతసేపటికి శీను సీటును రెండు చేతులా పట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. వెనక పత్తి లారీలు బారులు తీరాయి. ముహూర్తం దగ్గర పడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అంతలో అంబాసిడర్ దడదడమంటూ వచ్చి ఆగింది. మామగారు దిగి కారు ముందు నిలబడ్డారు. గాలికి దండ లేచింది, కారు అరిచింది. ఆయన దండను చేత్తో అదిమారు, కారు ఊరుకుంది. వదిలారు, మళ్లీ అరిచింది.

"అల్లుడా, నీ బండి పూలదండకు బెదురుతాండాదప్పా."

అల్లుడి నోట్లో శని అంటారు. నా శని బానెట్ మీద కూర్చున్నాడు.

తెంపి పారేస్తే పోతుందన్నాను. పెళ్లికని వేసిన దండను నడిదారిలో పారేయడం అశుభమని అంబాసిడర్‌లోంచి దిగిన అత్తగారు ఒప్పుకోలేదు. దండ అంబాసిడర్‌కు మారింది. దండ వెంట శీనూ మారాడు. మామగారు ముహూర్తానికి ముందే వాడిని మంటపం దగ్గర దించారు. అంబాసిడర్‌లో తెచ్చిన పెరుగు క్యాన్లను శీను సీట్లో వేసుకుని నేను వెనకాలే వెళ్లాను. దారి పొడవునా నా కారు బుద్ధిగా నడిచింది.

వెనకొచ్చిన పెద్ద కారు ఎవరిదని ఆడపిల్లవాళ్లు అడిగారు.

"మా అల్లునిది. కొత్తది" అన్నారు మామగారు. "ఇంకా పెండ్లిండ్లకు అలవాటు పడలే."

అంబాసిడర్ బానెట్ మీద చెయ్యి పెట్టి ఆ రోజే ఒట్టు వేశాను. మెడలో దండ వేసి చూడకుండా ఈ జన్మలో మళ్లీ కారు కొనను.