రేవులో మా ఊరి రాయి

నిన్న ఒంటిమిట్ట దగ్గర, మా వైపు గనుల్లో తవ్వే ముగ్గురాయి (బెరైటీస్) లారీ ఒకటి మా ఆటోను దాటిపోయింది. బూడిదరంగు దుమ్ము ముఖాన కొట్టగానే మా నాయన ఖాకీ చొక్కా వాసన గుర్తొచ్చింది. కడప వైపు పెరిగిన మన ఈడువాళ్లకు ఆ దుమ్ము తెలిసే ఉంటుంది కదా?

నాయన లారీ డ్రైవరు. గనిలోంచి రాయిని సముద్రపు రేవుకు తోలేవాడు. "ఇంత రాయి యాడికి పోతాంది నాయనా?" అని రోజూ విసిగిస్తుంటే, ఒక ఎండాకాలం సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సముద్రం చూస్తానని దారంతా కిటికీకి అతుక్కుపోయాను.

తీరా రేవులో దిగితే చుక్క నీళ్లు కనబడలేదు. గోడలు, రైలు పట్టాలు, క్రేన్లు, వాటి మధ్య కొండలా పోసిన మా ఊరి రాయి.

"సముద్రం యాడుండాది?" అని ఏడుపు ముఖం పెట్టాను.

గేటు దగ్గర టీ అమ్మే అవ్వ నవ్వింది. "నువ్వు నిలబడింది సముద్రంలోనే పాపా. నా పెళ్లినాటికి ఈడ అలలుండేవి. మట్టి పోసి పూడ్చేసినారు."

నేను చెప్పు విడిచి, తడి తగులుతుందేమోనని బొటనవేలితో నేలను గీరి చూశాను. నాయన నన్నెత్తి లారీ క్యాబిన్ మీద నిలబెట్టాడు. రెండు ఓడల సందున సన్నగా నీలం మెరిసింది.

"కనపడిందా?"

"కనపడింది! నువ్వు చూసినావా నాయనా?"

"ఇన్నేండ్లుగా వస్తాండా గానీ, ఎప్పుడూ చూడలేదు పాపా."

నాయన కూడా పైకెక్కి నా పక్కన నిలబడ్డాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నా శానాసేపు దిగలేదు.