మోతీకి తిండి నేర్పిన మనిషి

నా భార్య పోయింది. ఆ మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి నేను ఒక్కణ్ణే వచ్చాను. మేముండే చాల్‌లో అంతస్తుకో వరుస గదులు; మెట్ల మీద కూర్చున్నవాళ్ళు పక్కకు జరిగారు. నా చేతిలో ఆమె చెప్పులున్నాయి. పైన మా ఒంటిగది ఖోలీ ముందు మోతీ లేచి నిలబడింది. చెప్పులు వాసన చూసింది. నా వెనక మెట్ల వైపు చూసింది. మళ్ళీ అక్కడే కూర్చుంది.

ఈ సంచిక చదివే మీలో చాలామందికి ఆమె తెలియదు. దాదర్‌లో మన సంఘం సభలకు వచ్చినా వెనక వరుసలో కూర్చుని, మోతీకి వేళ దాటిపోతుందని భోజనాలకు ముందే లేచేది. కామాటిపురలో కొందరికి మాత్రం కుక్కను ఎత్తుకుని ఫోరస్ రోడ్డు దాటే మనిషిగా తెలుసు. ఆ కుక్క గురించి రాస్తే ఆమె గురించి రాసినట్టే. నాకు వేరే దారి తోచలేదు.

మోతీ మాది కాదు. మిల్లుల సమ్మె ఎంతకూ తెగకపోవడంతో ఎదుటి ఖోలీవాళ్ళు తాళం వేసి ఊరికి వెళ్ళిపోయారు. కుక్కను వదిలేశారు. అది ఆ తాళం కిందే పడుకునేది. మొదట్లో ఎవరో ఒకరు రొట్టె ముక్క వేసేవారు. తర్వాత్తర్వాత మా చాల్‌లో రొట్టె మిగిలే ఇళ్ళు తగ్గాయి. వానలు వెనకబట్టేసరికి దాని డొక్కలు వీపుకు అంటుకుపోయాయి. నడుస్తుంటే వెనక కాళ్ళు ఒకదానికొకటి తగులుకునేవి.

అప్పుడే కింది అంతస్తులో పెళ్ళి జరిగింది. మా పక్క ఖోలీ అవ్వ జాలిపడి, బగారన్నం, మటన్ బొక్కలు పళ్ళెం నిండా తెచ్చి మోతీ ముందు పెట్టింది. అది పళ్ళెం నాకేసింది. కాసేపటికే అంతా కక్కుకుని పక్కకు ఒరిగింది.

"కడుపునిండ పెడితిని గదనే, ఇట్లెందుకైతది?" అంది అవ్వ.

నా భార్య పాత చీరలో చుట్టి దాన్ని ఎత్తుకుంది. "టాక్సీ పిలువు," అంది నాతో.

టాక్సీవాడు మూటలోంచి తోక చూశాడు. "కుత్తా నహీ చలేగా, బాయీ."

"కుత్తా నహీ భాయ్, పేషంట్ హై," అని ఆమె ఎక్కి కూర్చుంది. అతను మీటరు తిప్పాడు.

జంతువుల ఆస్పత్రి డాక్టరు దానికి సెలైన్ ఎక్కించి, మరాఠీలో ఓపికగా చెప్పాడు. చాలాకాలం ఎండిన కడుపుకు ఒక్కసారిగా తిండి పెడితే ప్రాణం మీదకు వస్తుంది. కొంచెం కొంచెంగా, రోజుకు చాలాసార్లు పెట్టాలి. కాస్త కోలుకున్నాక పురుగుల మందు. మెత్తగా ఉడికిన అన్నంలో, ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం చీల్చి కలపాలి. అప్పుడప్పుడు ఉడికిన గుడ్డు, ఒప్పితే కాస్త పెరుగు. నూనె వద్దు, ఉల్లి వద్దు, బొక్కలు అసలే వద్దు. విరేచనం గట్టిపడ్డాకే మోతాదు కొంచెం పెంచాలి. పక్కటెముకలు చేతికి తగలాలి గాని కంటికి కనిపించకూడదు, అదీ గుర్తు. ఇంత చెప్పి ఆయన ఆమె అరచేతిని మోతీ పక్కల మీద ఆనించి చూపించాడు.

తిరిగి వస్తూ ఆమె అంది: "దాని కడుపు తిండిని మర్సిపోయిందట. మెల్లగ యాది చెయ్యాలె."

ఆ రోజు నుంచి మా ఇంటి వేళలు మోతీవయ్యాయి. పొద్దున నల్లా రాకముందు ఒకసారి. నేను ఆఫీసుకు వెళ్ళాక ఒకసారి. నాలుగింటికి ఒకసారి. దీపాలు పెట్టాక ఒకసారి. చిన్న స్టీలు గిన్నె. అందులో సగమే. మోతీ దాన్ని క్షణంలో ఊడ్చేసి ఆమె ముఖంలోకి చూసేది. ఆమె చూపు తిప్పుకునేది. ఆకలిగా ఉన్నదానికి ఇంకొంచెం పెట్టకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమైందో నేను చూశాను.

చాల్‌లో ఆ కష్టం ఎవరికీ కనిపించలేదు. మాది పెట్టే జనం. మనిషైనా కుక్కైనా బక్కగా కనిపిస్తే చేతిలో ఉన్నది నోట్లో పెట్టేస్తారు. ఒకరు భజ్జీ, ఒకరు లడ్డూ. ఆమె గదుల ముందరి గ్యాలరీలో పీట వేసుకుని కాపలా కూర్చునేది.

"గింతేనా బువ్వ? పిసినారిముండవు," అనేది అవ్వ.

"నీకు జరమొచ్చినప్పుడు నేను జావ పోసిన్నా, బిర్యానీ పెట్టిన్నా అవ్వా?"

"నేను కుక్కనానే?"

"కుక్కైతే చెప్పినట్టు ఇనేదానివి."

అవ్వ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది. మర్నాడు మళ్ళీ బొక్క తెచ్చేది.

మోతీ తూకం చూడటానికి ఫోరస్ రోడ్డు మీద ఇరానీ హోటల్ ముందున్న యంత్రం దగ్గరకు వెళ్ళేవాళ్ళం. నాణెం వేస్తే రంగుదీపాలు తిరిగి అట్టటిక్కెట్టు పడుతుంది. ఒకవైపు తూకం, వెనక జాతకం. మొదటిసారి ఆమె ఒక్కతే ఎక్కింది, తర్వాత మోతీని ఎత్తుకుని ఎక్కింది. తేడా నేను లెక్కగట్టాను. రెండోసారి నుంచి ఒక్క నాణెమే. "నా తూకం ఎరుకే గద, అది ఏడికి పోతది?" అంది.

హోటల్ సేఠ్ గల్లా దగ్గర నుంచే కేకేసేవాడు. "బాయీ, ఏక్ సిక్కే మే దో సవారీ?"

టిక్కెట్టు వెనక ఇంగ్లీషును నేను తెలుగులో చెప్పేవాణ్ణి. మీది ఉదార స్వభావం, దూరప్రయాణం ఉంది, అలాంటివి. ఆమె ప్రతిసారీ ఒకటే అడిగేది. "ఇది నాదా, మోతీదా?"

కొన్ని నెలలు గడిచాయి. మోతీ పక్కటెముకలు కంటికి కనిపించడం మానేశాయి. వెంట్రుకలకు మెరుపు వచ్చింది. మెట్లు దూకుతూ దిగేది. టిక్కెట్టు మీద అంకె మాత్రం పెరగలేదు. ఇద్దరిదీ కలిపి ఎప్పుడూ అంతే. ఆమెకు దిగులు పట్టుకుంది. గిన్నెలో మాంసం పెంచింది, పురుగుల మందు మళ్ళీ తెచ్చింది. చివరికి ఒక సాయంత్రం సేఠ్‌తో, "నీ మెషీన్ ఖరాబైంది," అంది.

"మెషీన్ ఠీక్ హై, బాయీ. కుత్తా ఉతారో. అకేలీ ఖడీ రహో."

మోతీని నాకు అందించింది. నా చేతుల్లో బరువుగా ఉంది. ఆమె ఒక్కతే ఎక్కి నిలబడింది. దీపాలు తిరిగాయి. టిక్కెట్టు పడింది. నేను చదివి చెప్పాను. మొదటిసారి కన్నా ఆమె తూకం బాగా తగ్గింది. సేఠ్ లోపలికి వెళ్ళిపోయాడు. వెనకవైపు ఏముందో ఆమె ఆ రోజు అడగలేదు.

ఇంటి దారిలో మాత్రం అంది: "అయితే మోతీ మంచిగనే పెరిగింది."

కడుపులో గడ్డ అన్నారు ఆస్పత్రిలో. ముదిరింది అన్నారు. అంతకుముందు నుంచే ఆకలి లేదని, తిన్నది నిలవడం లేదని ఆమె అప్పుడు చెప్పింది. తర్వాత నేను ఆమెకు మోతీ పద్ధతే పెట్టాను. మెత్తటి అన్నం, కోడిమాంసం ఉడికిన నీళ్ళు, చిన్న గిన్నె, కొంచెం కొంచెంగా, చాలాసార్లు. ఆమె నా తృప్తి కోసం నోరు తెరిచేది. కూర్చోబెట్టడానికి వీపు కింద చేయి పెడితే ఎముకలు తగిలేవి. కంటికీ కనిపించేవి. ఆమె కడుపుకు ఏదీ యాదికి రాలేదు.

మూడో రోజు ఆమె పేర పిట్టకు, అంటే కాకులకు, ముద్ద పెట్టారు. పాలమూరు నుంచి నా బామ్మర్ది వచ్చాడు. చాల్ పైకప్పు మీద విస్తరి వేసి, ఆమెకు ఇష్టమని మటన్ కూర, అన్నం, పచ్చిపులుసు పెట్టి, పక్కన కల్లు పోశారు. కాకులకు కొదవలేని ఊరు ఇది. అవి తీగ మీద వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"అక్కకు ఏదో కొరత ఉన్నది," అన్నాడు బామ్మర్ది. చేతులు జోడించి ఒక్కొక్కరూ ఏదేదో మాట ఇచ్చారు. ఎండ ముదిరింది. కాకులు కదల్లేదు.

అప్పుడు అవ్వ అంది: "కుక్క ముట్టినా సాలు. మోతీని ఇడువుండ్రి."

నా భార్య ఆస్పత్రికి వెళ్ళినప్పటి నుంచి మోతీ సరిగా తినలేదు. పోయాక అసలు ముట్టలేదు. పక్కటెముకలు మళ్ళీ బయటపడ్డాయి. నా వెంటే మెట్లెక్కి వచ్చి గోడ నీడలో పడుకుంది. అవ్వ మాటకు అందరూ దారిచ్చారు. మోతీ లేచింది. ముక్కు ఎత్తింది. విస్తరి వైపు అడుగు వేసింది. నూనె తేలిన కూర, పెద్ద పెద్ద బొక్కలు.

నేను దాని మెడ పట్టుకున్నాను.

"బావా, ఇడువు. అది అక్క ముద్ద," అన్నాడు బామ్మర్ది.

"అందుకే," అన్నాను.

"ఆమె ఆకలితోని పోవాల్నా?"

మోతీని ఎత్తుకుని దిగాను. తేలికగా ఉంది. వెనక ఎవరో తిట్టారు. "ఊకోండ్రి. ఆమె గూడ గిట్లనే సేస్తుండె," అని అవ్వ అనడం వినిపించింది.

కింద స్టవ్ వెలిగించాను. అన్నం మెత్తగా ఉడికించాను. నేను అడగకుండానే అవ్వ కొంచెం కోడిమాంసం తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్ళింది. అందులో బొక్క లేదు. ఉడికించి, చీల్చి, చల్లార్చి, స్టీలు గిన్నెలో సగం పెట్టాను. మోతీ వాసన చూసింది. నా వేళ్ళకు అంటిన అన్నం ఒకసారి నాకింది. అంతే. గుమ్మం అవతలకు ముక్కు చాచి, మెట్లకు ఎదురుగా పడుకుంది.

పైన కాకులు చివరికి దిగాయో లేదో నేను అడగలేదు. దాని పక్కన నేల మీద కూర్చుని, పక్కటెముకల మీద అరచేయి ఆనించాను. గిన్నె మా మధ్య ఉంది. అన్నం మీద పొర కట్టింది. నాలుగింటికి మళ్ళీ పెట్టాలి.